ప్లాస్టిక్కు వ్యాధుల ఖరీదు: కొన్ని అంకెలపై విమర్శ

ప్రతి మనిషీ వారానికొక క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్కును ఆహారంతో పాటు మింగుతున్నాడన్న మాట 2019 నుంచి లోకమంతటా ప్రచారంలో ఉన్నది. వార్తాపత్రికలు దీనిని అచ్చువేసినవి, ఉపన్యాసకులు వేదికలమీద చెప్పినారు. పర్యావరణ దినం నాడు పాఠశాలలో జరిగే వ్యాసరచన పోటీలో ఈ వాక్యం కనబడని కాగితం ఒకటైనా ఉంటుందా అంటే సందేహమే. వినగానే ఒళ్లు జలదరించే మాట కాబట్టి ఒకరి నుంచి ఒకరికి సులభంగా పాకిపోయింది. అది నిజమా కాదా అని కొలిచి చూసినవారు మాత్రం కొద్దిమందే.

ఈ వాక్యానికి మూలం ప్రపంచ వన్యప్రాణి నిధి వారు 2019 జూన్‌లో వెలువరించిన ఒక నివేదిక. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకు ముందు పలువురు చేసిన కొలతలను ఏర్చి కూర్చి లెక్క కట్టినారు. ఆ పరిశోధన 2021లో శాస్త్రపత్రికలో ప్రకటితమైనప్పుడు అందులో ఉన్న ఫలితం ఇది: మనిషి వారానికి 0.1 గ్రాము మొదలు 5 గ్రాముల వరకు ప్లాస్టిక్కు కణాలను లోనికి తీసుకొంటూ ఉండవచ్చును. కింది అంచుకు, పై అంచుకు మధ్య 50 రెట్ల తేడా ఉన్నదన్నమాట. నీ నడుము ఇరవై అంగుళాలు మొదలు వెయ్యి అంగుళాల వరకు ఉండవచ్చునని చెప్పే దర్జీ చేత మనం లాగు కుట్టించుకోము. పత్రికలు మాత్రం పై అంచును పట్టుకొని, దానికి క్రెడిట్ కార్డు రూపం కల్పించి, ఊరంతా చాటినవి.

లెక్క ఇంతగా సాగడానికి కారణం హైస్కూలు విద్యార్థికి కూడా బోధపడుతుంది. నీటిలోను, ఉప్పులోను కనబడిన కణాల సంఖ్య మాత్రమే చాలా పరిశోధనలలో ఉన్నది, బరువు లేదు. సంఖ్యను బరువుగా మార్చాలంటే కణం ఎంత పెద్దదో ఊహించాలి. గోళాకారపు కణం బరువు దాని వ్యాసం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసాన్ని 10 రెట్లు ఎక్కువగా ఊహిస్తే బరువు 1,000 రెట్లు ఎక్కువవుతుంది. నెదర్లాండ్సులోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2021లో కణాల పరిమాణం ఎలా విస్తరించి ఉంటుందో చూసి వేసిన లెక్కలో ఒక వయోజనుడు వారానికి తీసుకొనేది మధ్యస్థంగా 4.1 మైక్రోగ్రాములు. 5 గ్రాములంటే 50 లక్షల మైక్రోగ్రాములు. భాగించి చూడండి: ఒక క్రెడిట్ కార్డును పూర్తిగా తినడానికి సుమారు 12 లక్షల 20 వేల వారాలు, అనగా 23 వేల ఏళ్లకు పైగా పడుతుంది. ఈ లెక్కకూ పరిమితులున్నవి. అది కొన్ని ఆహారాలకు, గాలికి, నీటికి మాత్రమే వేసినది. మైక్రోమీటరు కంటే చిన్నవైన నానో కణాలు అందులోకి రాలేదు. అయినా రెండు లెక్కల మధ్య దూరం చూసిన తరువాత, మొదటిదానిని తరగతిలో నిర్ధారితమైన సత్యంగా చెప్పడం తగదని ఒప్పుకోవాలి.

అయితే ప్లాస్టిక్కు వల్ల ఆరోగ్యానికి భయం లేదని దీని అర్థమా? ఎంతమాత్రం కాదు. ఈ విమర్శ వ్రాయడానికి కారణమే వేరు. రుజువు కాని భయాలు పెద్ద గొంతుతో మాట్లాడుతూ ఉండగా, రుజువైన హాని, మన వీధి చివరనే జరుగుతున్న హాని, ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్నది. ఈ మధ్య ప్లాస్టిక్కు వల్ల కలిగే వ్యాధుల ఖరీదు ఇన్ని వేల కోట్ల డాలర్లు అని ప్రకటించే గ్రంథాలు, నివేదికలు వరుసగా వస్తున్నవి. ఆ ఖరీదును ఎలా కట్టినారు, అందులో ఏది ఉన్నది, ఏది లేదు అన్నది చూడవలసి ఉన్నది.

దానికి ముందు మరొక చిన్న లెక్క. ఇది ఉపాధ్యాయులకు బాగా ఉపకరిస్తుంది.

వంటింటి నల్ల గరిటె

2024 అక్టోబరులో కీమోస్ఫియర్ అనే పత్రికలో అమెరికా పరిశోధకుల వ్యాసమొకటి వచ్చింది. నల్ల ప్లాస్టిక్కుతో చేసిన గరిటెలు, ఆహారపు పళ్లెములు, బొమ్మలు పరీక్షించగా వాటిలో కొన్నింటిలో బ్రోమిన్‌తో కూడిన మంటనిరోధక ద్రవ్యాలు ఉన్నట్లు తేలింది. పాత టెలివిజన్ పెట్టెల, ఎలక్ట్రానిక్ సామానుల నల్లని తొడుగులను కరగించి తిరిగి వాడడం వల్ల ఇది జరుగుతున్నది. ఇంతవరకు మంచి పరిశోధన. అట్టి గరిటెతో వండితే రోజుకు 34,700 నానోగ్రాముల మంటనిరోధకం కడుపులోకి పోవచ్చునని కూడా వారు అంచనా వేసినారు.

అమెరికా పర్యావరణ సంస్థ నిర్ణయించిన హద్దు రోజుకు కిలో శరీరబరువుకు 7,000 నానోగ్రాములు. 60 కిలోల మనిషికి ఎంత? వ్యాసకర్తలు 42,000 అని వ్రాసినారు. అందుచేత గరిటె మనలను ప్రమాదపు గట్టు అంచుకు తెచ్చినట్లు కనబడింది. ప్రపంచమంతటా గృహిణులు నల్ల గరిటెలను చెత్తబుట్టలో పడవేసినారు. 7,000ను 60తో గుణిస్తే 4,20,000 వస్తుందని ఆ తరువాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జో ష్వార్జ్ ఎత్తిచూపినారు. హద్దుకు దరిదాపు అన్నది నిజానికి హద్దులో పన్నెండో వంతు మాత్రమే. డిసెంబరులో సవరణ వెలువడింది. ఈ పొరపాటు తమ ముఖ్య నిర్ణయాన్ని మార్చదని వ్యాసకర్తలు అన్నారు.

వారి మాటలో కొంత న్యాయమున్నది. టెలివిజన్ తొడుగులోని రసాయనం కూరగరిటెలోకి రావలసిన పని లేదు. ఎంత తక్కువైనా రాకూడదు. కాని ఒక సున్న జారిపోయిన లెక్కను వ్యాసకర్తలు, పరిశీలకులు, సంపాదకులు, విలేఖరులు ఒకరి తరువాత ఒకరు చదివి, ఎవరూ గుణించి చూడలేదంటే ఆలోచించవలసిన విషయమే. భయపెట్టే అంకె అందరికీ ఎదురు చూస్తున్న అంకె అయినప్పుడు దానిని పరీక్షించాలని ఎవరికీ తోచదు.

మూడవ ఉదాహరణ ఇంతకంటే గంభీరమైనది, దానిని అవహేళన చేయడానికి వీలులేదు. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో ఇటలీ వైద్యులు ఒక పరిశోధన ప్రకటించినారు. మెడలోని కెరాటిడ్ ధమనిలో పేరుకొన్న కొవ్వు పూడికను శస్త్రచికిత్సతో తీయించుకొన్న 257 మంది రోగులను సగటున 34 నెలలపాటు గమనించినారు. తీసిన పూడికలను పరీక్షించగా 150 మందిలో పాలిథీన్ కనబడింది, 107 మందిలో కనబడలేదు. కనబడనివారిలో 8 మందికి, కనబడినవారిలో 30 మందికి ఆ కాలంలో గుండెపోటో, పక్షవాతమో, మరణమో సంభవించింది. నూటికి 7.5, నూటికి 20 అన్నమాట. వయస్సు మొదలైన భేదాలను సరిచేసిన తరువాత ప్రమాదం 4.5 రెట్లుగా తేలింది. ఆ 4.5 కూడా 2కు, 10కి మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని వారే వ్రాసినారు. ప్లాస్టిక్కే కారణమని తాము నిరూపించలేదని కూడా వారే వ్రాసినారు. దాదాపు ప్రతి వార్తలోను 4.5 వచ్చింది. తక్కిన రెండు వాక్యాలు చాలా వార్తలలో రాలేదు.

ఇట్టి పరీక్షలలో రసాయనశాస్త్రానికి సంబంధించిన చిక్కొకటి ఉన్నది. పాలిథీన్ అంటే హైడ్రోజన్ తగిలించుకొన్న కార్బన్ పరమాణువుల పొడవైన గొలుసు. మన కొవ్వులోని ఆమ్లాలలో ఉన్నదీ అట్టి గొలుసే, పొడవు మాత్రం తక్కువ. నమూనాను ప్రాణవాయువు తగలకుండా బాగా వేడిచేసి, విరిగి వచ్చిన ముక్కలను బట్టి మూలపదార్థాన్ని గుర్తించడం నేడు వాడుకలో ఉన్న పద్ధతులలో ఒకటి. కొవ్వును ముందుగా శుభ్రంగా తొలగించకపోతే దాని ముక్కలు కూడా పాలిథీన్ ముక్కలలాగే కనబడతవి. 2025 ఫిబ్రవరిలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయం వారు మానవుల మెదడులో ప్లాస్టిక్కు పేరుకొంటున్నదని ప్రకటించినప్పుడు ఇతర శాస్త్రజ్ఞులు లేవనెత్తిన ఆక్షేపణలలో ముఖ్యమైనది ఇదే. మెదడులో కొవ్వు పాలు చాలా ఎక్కువ కదా.

ఖరీదు కట్టే పద్ధతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 2024 జనవరిలో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన లియొనార్డో ట్రసాండే, ఆయన సహచరులు ఒక లెక్క ప్రకటించినారు. ప్లాస్టిక్కులలో కలిపే కొన్ని రసాయనాల వల్ల కలిగిన వ్యాధుల మూలంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలకు 2018 ఒక్క సంవత్సరంలో అయిన నష్టం 24,900 కోట్ల డాలర్లు. ఆ దేశపు స్థూలోత్పత్తిలో నూటికి 1.22 వంతు. అంచనా 22,600 కోట్ల నుంచి 28,900 కోట్ల వరకు మారవచ్చునట. ఈ వ్యాసం శ్రద్ధగా వ్రాసినది, లెక్కలోని ప్రతి మెట్టునూ దాచకుండా చూపినది. అందువల్లనే దానిని విమర్శించడం సాధ్యమవుతున్నది.

ఇట్టి లెక్కకు మూడు మెట్లుంటవి. మొదట, జనుల శరీరంలో ఆ రసాయనం ఎంత ఉన్నదో కొలవాలి. అమెరికాలో ప్రభుత్వం ఏటేటా దాదాపు 5,000 మంది నుంచి రక్తం, మూత్రం సేకరించి పరీక్షిస్తుంది కాబట్టి ఈ మెట్టు వారికి గట్టిగా ఉన్నది. రెండవది, ఆ రసాయనం ఎక్కువగా ఉన్నవారికి ఫలానా వ్యాధి ఎన్ని రెట్లు ఎక్కువగా వస్తున్నదో తెలియాలి. మూడవది, ఆ విధంగా అదనంగా వచ్చిన వ్యాధులకు డబ్బు రూపంలో వెల కట్టాలి.

రెండవ మెట్టు ఎంత సున్నితమైనదో ఒక ఊహాగ్రామాన్ని తీసుకొని చూద్దాము. ఆ గ్రామంలో సగంమంది శరీరంలో ఒక రసాయనం ఉన్నది. అది ఉన్నవారికి గుండెజబ్బు 1.2 రెట్లు వస్తుంది. గ్రామంలో మొత్తం 110 మంది గుండెరోగులున్నారు. రసాయనమే లేకపోతే రెండు సగాలలోను యాభైమంది చొప్పున 100 మందే ఉండేవారు. ఉండడం వల్ల ఒక సగంలో 60 మంది అయినారు. అంటే 10 మంది జబ్బు ఆ రసాయనపు ఖాతాలో పడుతుంది. ఇప్పుడు 1.2 అన్నది నిజానికి 1.1 అని తేలిందనుకొందాము. అదే 110 మంది రోగులలో ఖాతాలో పడేవారు సుమారు 5 గురే. బిల్లు సగమైపోయింది. 1.1కి, 1.2కి మధ్య తేడాను మనుషులమీద పరిశోధనలలో నిర్ధారించడం వైద్యశాస్త్రంలో కష్టమైన పనులలో ఒకటి. ఎందుకంటే రసాయనం ఎక్కువగా ఉన్నవారు తిండిలోను, నివాసంలోను, ఆదాయంలోను కూడా తక్కినవారికంటే వేరుగా ఉండే అవకాశమున్నది.

వ్యాసంలో మరొక మెట్టు కూడా ఉన్నది. రసాయనం శరీరంలోకి వచ్చినంత మాత్రాన అది ప్లాస్టిక్కు నుంచే వచ్చిందని చెప్పలేము. ఎంత వంతు ప్లాస్టిక్కుదో నిర్ణయించాలి. బిస్‌ఫినాల్ విషయంలో 97.5 వంతు అన్నారు, చిక్కు లేదు. ఫ్లోరిన్‌తో కూడిన శాశ్వత రసాయనాల విషయంలో నూటికి 93 అని వ్రాసి, ఇది 16 మొదలు 96 వరకు ఉండవచ్చునన్నారు. వాటి ఖరీదు 2,240 కోట్ల డాలర్లని, అది 385 కోట్లు కావచ్చు, 6,010 కోట్లు కావచ్చునని కూడా చెప్పినారు. ఇంత వెడల్పైన అంచనాను మొత్తంలో కలిపిన తరువాత, మొత్తం ఎంత కచ్చితంగా కనబడినా దానిని ఆ దృష్టితోనే చూడాలి.

అన్నిటికంటే పెద్ద భాగం ఏదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అది సంచులదీ కాదు, సీసాలదీ కాదు. సోఫాల, కుర్చీల మెత్తలలోని పాలీయూరిథేన్ నురుగులో మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ ద్రవ్యాలదే సింహభాగం. కాలిఫోర్నియా రాష్ట్రంలో 1975లో అగ్నిరక్షణ కోసం ఒక నిబంధన పెట్టినారు. దానికి సరిపడేటట్లు అమెరికా అంతటా గృహోపకరణాలలో వీటిని నింపినారు. వాటిలో ముఖ్యమైన మిశ్రమం తయారీ ఆ దేశంలో 2004 చివర ఆగిపోయింది. స్టాక్‌హోం ఒడంబడిక క్రింద 2009లో ప్రపంచవ్యాప్తంగా నిషేధించదగిన వాటిలో చేర్చినారు. పాత సోఫాలు ఇళ్లలో ఉన్నంతకాలం ధూళి ద్వారా అవి తల్లుల రక్తంలోకి చేరుతూనే ఉంటవి కనుక, 2018 లెక్కలో అవి ఉండడం తప్పు కాదు. కాని నేడు సంచుల నిషేధాన్ని సమర్థించడానికి ఈ 24,900 కోట్లను చూపడం, ఒకరి అప్పును వేరొకరి చిట్టాలో వ్రాయడం వంటిది. ఇక ఆ అంకెను జనాభా నిష్పత్తిలో హెచ్చవేసి, ఇండియాకు ఇంత అని చెప్పడం మరీ అసంగతం. మన పల్లెటూరి ఇళ్లలో నులకమంచాలు, నవారుమంచాలు ఉన్న కాలంలో కాలిఫోర్నియా నిబంధన ప్రకారం నురుగు నింపిన సోఫాలు ఎక్కడివి?

ఆ ఖరీదులో ఆసుపత్రి ఖర్చు ఎంత అన్నది మరొక ప్రశ్న. బ్రోమిన్ ద్రవ్యాల వల్ల గర్భస్థ శిశువుల మెదడు ఎదుగుదల కుంటుపడి, ప్రజ్ఞాలబ్ధి కొద్దిగా తగ్గుతుందని అంచనా. తగ్గిన ప్రతి పాయింటుకు ఆ బిడ్డ జీవితకాలంలో కోల్పోయే సంపాదన ఎంతో కట్టి కలిపినారు. కాబట్టి పత్రికలలో వైద్యవ్యయం అని వచ్చినదానిలో చాలా భాగం డాక్టరుకు గాని, మందులషాపుకు గాని ఎవరూ చెల్లించినది కాదు. రాబోయే జీతాలలో కోత. అది నిజమైన నష్టమే. కాని దానిని కొలిచే గజంకోల జీతమైనప్పుడు, జీతం తక్కువైన చోట నష్టమూ తక్కువగా కనబడుతుంది. కూలివాని బిడ్డ మెదడుకూ, ఇంజనీరు బిడ్డ మెదడుకూ జరిగిన హాని ఒకటే అయినా లెక్కలో రెండు ధరలు పడతవి. జీతం తెచ్చుకోని ముసలివారి జబ్బు దాదాపు ఉచితంగా వచ్చినట్లుంటుంది.

ఈ కష్టాన్ని తప్పించుకోవడానికి కొందరు ఆర్థికవేత్తలు ప్రాణానికే నేరుగా ఒక మూల్యం కట్టి వాడుతారు. అమెరికా ప్రభుత్వశాఖల లెక్కలలో అది కోటి డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. పద్ధతి మారితే ఎంత మారుతుందో చూడండి. 2023లో వెలువడిన మిండెరూ-మొనాకో కమిషన్ నివేదిక ప్రకారం కేవలం మూడు రకాల రసాయనాల వల్ల అమెరికాకు 2015లో కలిగిన నష్టం 92,000 కోట్ల డాలర్లకు పైన. ట్రసాండే బృందం అంతకంటే ఎక్కువ రసాయనాలను కలుపుకొని, మూడేళ్ల తరువాతి సంవత్సరానికి వేసిన లెక్క 24,900 కోట్లు. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం, దాదాపు నాలుగు రెట్ల తేడా. 2024 చివర అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో మౌరీన్ క్రాపర్ మొదలైనవారు 38 దేశాలకు కట్టిన లెక్క లక్షన్నర కోట్ల డాలర్లు. 2025 ఆగస్టులో లాన్సెట్ పత్రికలోని సమీక్షాబృందం దీనినే ఉదహరించింది. ఆ 38 దేశాలలో ఉన్నది ప్రపంచ జనాభాలో మూడవ వంతు మాత్రమే. లెక్కలోకి వచ్చిన రసాయనాలు మూడు మాత్రమే. ఈ రెండు మాటలూ వదలివేసి, ప్లాస్టిక్కు వల్ల ప్రపంచానికి ఏటా లక్షన్నర కోట్ల డాలర్ల నష్టమని మన పత్రికలు వ్రాసినప్పుడు అది ఎక్కువ చెప్పినట్లో, తక్కువ చెప్పినట్లో తేల్చుకోవడం కూడా కష్టం.

చిట్టాకు ఎక్కనివి

నా దృష్టిలో ఈ గ్రంథాల పెద్ద లోపం అతిశయోక్తి కాదు. కొలవడానికి పరికరాలున్న దేశంలో, కొలవడానికి వీలైన రసాయనాలను మాత్రమే కొలవడం. వెలుతురున్న చోటనే వెతకడం సహజమే. కాని ఉంగరం అక్కడే పడిందని అనుకోరాదు.

మన ఊళ్లలో ప్లాస్టిక్కు చేసే హాని ప్రధానంగా పొగ రూపంలో ఉన్నది. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వారు 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో ప్రకటించిన అంచనా ప్రకారం, 2020లో ప్రపంచంలో అదుపు తప్పి పరిసరాలలో కలిసిన ప్లాస్టిక్కు 5 కోట్ల 21 లక్షల టన్నులు. అందులో నూటికి 57 వంతులు బహిరంగంగా తగులబెట్టినదే. దేశాలవారీగా మొదటి స్థానం మనదేశానిది, 93 లక్షల టన్నులు. ఇదీ అంచనాయే, ఇందులోనూ ఊహలున్నవి. కాని దీనిని సరిచూసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. తెల్లవారుజామున ఏ మునిసిపాలిటీ శివారులో నడిచినా కుప్పలు రాజుకొంటూ కనబడతవి. కట్టెలపొయ్యి అంటించడానికి, స్నానాల బాయిలరు కింద మంట పెట్టడానికి పాలిథీను కవరు వాడే ఇళ్లు ఎన్ని లేవు? ఆ పొగను ముందుగా పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్న స్త్రీ, ఆమె ఒడిలోని బిడ్డ, ఆ తరువాత పారిశుధ్య కార్మికులు.

కాలినప్పుడు అన్ని ప్లాస్టిక్కులూ ఒక్కటి కావు. పాలిథీన్‌లో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్నవి. పి.వి.సి.లో క్లోరిన్ ఉన్నది. దాని మూలభాగంలో రెండు కార్బన్, మూడు హైడ్రోజన్, ఒక క్లోరిన్ పరమాణువులు. బరువులు 24, 3, 35.5. అంటే పి.వి.సి. బరువులో నూటికి 57 వంతులు క్లోరినే. పాత పైపులు, విద్యుత్తు తీగల తొడుగులు, ఫ్లెక్సీ బోర్డులు కాలినప్పుడు ఇది హైడ్రోజన్ క్లోరైడుగా వెలువడి గొంతును, ఊపిరితిత్తులను దహిస్తుంది. సగం కాలీ కాలని మంటలో డయాక్సిన్లు తయారవుతవి. వాటితో పాటు వచ్చే సన్నని మసికణాల వల్ల ఉబ్బసం, గుండెజబ్బు పెరుగుతవనడానికి ఉన్న నిదర్శనాలు ధమనిలోని ప్లాస్టిక్కు కణాలను గూర్చిన నిదర్శనాలకంటే ఎన్నో రెట్లు బలమైనవి. అయినా పొగ మాట చెప్పి ఎవరినీ జలదరింపజేయలేము. అది పాత వార్త.

ఇక కర్మాగారం సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టి నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. థర్మోకోలు మొదలైన పాలీస్టైరీన్ వస్తువులకు ముడిపదార్థం ఈ స్టైరీన్. దాని అణువులు తమంత తామే ఒకదానితో ఒకటి గొలుసుకట్టే స్వభావం కలవి. గొలుసుకట్టినప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మరిన్ని అణువులను కలుపుతుంది. అందుకే నిలవ ఉంచినప్పుడు చల్లగా ఉంచాలి, నిరోధక ద్రవ్యం కలపాలి. లాక్‌డౌను కాలంలో కర్మాగారం ఆగి ఉండగా ఈ రెండు జాగ్రత్తలూ లోపించినవని రాష్ట్రప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. 12 మంది చనిపోయినారు, వందలమంది ఆసుపత్రుల పాలైనారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున రాష్ట్రప్రభుత్వం పరిహారమిచ్చింది. 50 కోట్ల రూపాయలు తక్షణం జమచేయవలసిందని జాతీయ హరిత ధర్మాసనం కంపెనీని ఆదేశించింది. ప్లాస్టిక్కు వల్ల ప్రజారోగ్యానికి కలిగిన నష్టంలో ఇంత స్పష్టంగా కారణం తెలిసిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. కాని మూత్రపరీక్షలను ఆధారం చేసుకొన్న లెక్కలలో దీనికి వరుస గాని, నిలువు గాని లేదు. మిండెరూ-మొనాకో కమిషన్ ఉత్పత్తి వల్ల కలిగే హానిని వేరుగా లెక్కించి, 2015కు 25,000 కోట్ల డాలర్లకు పైన అని చెప్పినది. ఆ నివేదికలో నేను ఎక్కువగా మెచ్చుకొనే భాగం అది. పత్రికలు తక్కువగా పట్టించుకొన్న భాగమూ అదే.

ఖర్చును ఎవరు భరిస్తున్నారన్నది కూడా చూడాలి. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మనదేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో నూటికి 39.4 వంతులు జనులు తమ జేబు నుంచి నేరుగా పెట్టినది. కుప్ప తగులబెట్టి చెత్త తరలింపు ఖర్చు మిగిల్చుకొన్నవారు ఒకరు, ఆ పొగకు దగ్గుమందు కొనుక్కొనేవారు వేరొకరు. మొదటి ఆదా మాత్రమే పద్దులో కనబడుతుంది.

నష్టాల చిట్టా వ్రాసేటప్పుడు జమ వైపు కూడా చూడడం న్యాయం. గాజు సిరంజీలను మరగబెట్టి వాడిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటవి. సరిగా మరగనప్పుడు ఒకరి కామెర్లు మరొకరికి అంటేవి. ప్లాస్టిక్కు సిరంజీ ఆ భయాన్ని చాలావరకు తొలగించింది. దానినే మళ్లీ వాడితే ఏమవుతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతం చూసింది: వాడి పారవేయవలసిన సిరంజీలను తిరిగి వాడడం వల్ల హెపటైటిస్ బి వ్యాపించి పలువురు చనిపోయినారు. అక్కడ హాని చేసినది ప్లాస్టిక్కా, దానిని పారవేసే ఏర్పాటు లేకపోవడమా? రక్తం నిలవచేసే సంచీ సంగతి ఇంకా చిత్రమైనది. ఆ పి.వి.సి. సంచీ మెత్తగా ఉండడానికి కలిపే థాలేటు, పైన చెప్పిన లెక్కలలో ముద్దాయిగా నిలబడిన రసాయనమే. అది కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. దిగి, ఎర్రకణాల పొరను గట్టిపరచి, అవి త్వరగా పగిలిపోకుండా కాపాడుతుంది కూడా. దానికి బదులు మరొకటి కనిపెట్టడం ఇంతకాలం ఆలస్యం కావడానికి ఇదొక కారణం.

మన ఊరి లెక్క మనమే మొదలుపెట్టాలంటే మూత్రపరీక్షల దాకా పోనక్కరలేదు. తగులబెట్టబోయే కుప్పలో ఏమున్నదో చూడడం హైస్కూలు విద్యార్థులు చేయగల పని. పిడికెడు ముక్కలు తెచ్చి, కడిగి, నీళ్ల బకెట్టులో వేయండి. పాలిథీను సంచులు, సీసామూతలు తేలుతవి. వాటి సాంద్రత నీటికంటే తక్కువ. పి.వి.సి. మునుగుతుంది. నీళ్ల సీసా ముక్క కూడా మునుగుతుంది గాని అందులో క్లోరిన్ లేదు. కనుక మునిగినవాటిలో సీసాలవి వేరుచేసి, తీగల తొడుగులు, పైపులు, ఫ్లెక్సీ ముక్కలు ఎంత బరువున్నవో తూచి, దానిని 0.57తో గుణిస్తే ఆ పిడికెడులో గాలిలోకి పోబోతున్న క్లోరిన్ ఎంతో సుమారుగా తెలుస్తుంది. గుణకారం ఇద్దరిచేత విడివిడిగా చేయించడం మంచిది.